ఆకురాయి పట్టింది

జూలై. మా ఊళ్ళో చలికాలం.
ఉరుగ్వే నది మీంచి లేచిన మంచు
షెడ్డు తలుపు సందులోంచి దూరి
లేతు మంచం మీద పడుకుంది.

బల్ల మీద ఫెర్మీన్ ఎచెగోయెన్ బండి గేరుపెట్టె,
పొట్ట కోసిన చేపలా.
ఏ కంపెనీదో చెప్పే బిళ్ళ
ముక్కు మీంచి ఎప్పుడో రాలిపోయింది.
ఇలాంటి ముసలి బండిని మావాళ్ళు
కచీలా అని ముద్దుగా తిడతారు.

కింది ఇరుసు మీద
పళ్ళచక్రాల గుత్తి ఒకటి తిరగాలి.
దాని కడుపులో రెండు కంచు బుష్షులు
అరిగీ అరిగీ
కోడిగుడ్డు ఆకారానికొచ్చాయి.
నూనె అడుగున పసుప్పచ్చని పొడి.
తొంభై ఏళ్ళ తిరుగుడు,
మొత్తం ఒక చెంచాడు.

మేనల్లుడు వాల్దెమార్
మాంతెవిదేయో వెళ్ళి పొట్లం తెచ్చాడు.
నూనె కాగితంలో నలభై నాలుగు ఉక్కు సూదులు.
ఒక్కో రోలరూ
నా కన్ను నాకే చూపించింది.
"ఇవి వెయ్యి నేలిదా,
వేలితో తోస్తే చాలు, తిరుగుతూనే ఉంటుంది."

నిజమే.
బుష్షు రాసుకుంటుంది, రోలరు దొర్లుతుంది.
దొర్లేవాళ్ళకు ఎప్పుడూ బాకీ తక్కువే.

నేను ముప్పై ఏళ్ళుగా కంచు తరుగుతున్నదాన్ని.
కంచుకంఠమంటారు గానీ
ఈ కంచు పని గొంతెత్తకపోవడమే.
పల్చటి నూనె పొర కప్పుకుని కూర్చుని
గుంతల దెబ్బలన్నీ తను తిని
ఇరుసును కాయడమే.
అరిగేదెవరో పెళ్ళినాడే ఒప్పుకున్న సంసారం.

రోలరు అలా కాదు.
దానికి తనంత గట్టి ఇరుసు కావాలి.
మెత్తనిది దొరికిందా,
గాడి పడేదాకా నవ్వుతూ దొర్లి
ఒకనాడు
ఏ మాటా చెప్పకుండా విరిగి
పళ్ళ మధ్యకు దూకుతుంది.

డ్రాయరులోంచి ఆకురాయి తీశాను.
ఇరుసు చివర ఒక్క గీత.
గట్టిదైతే జారిపోవాలి, గాజు మీద గోరులా.

పట్టింది.

వాల్దెమార్ ఆ చప్పుడు విన్నాడు.
పొట్లం మూశాడు. మళ్ళీ విప్పాడు.
"కొత్త ఇరుసు చేయిద్దాం,
కాల్చి గట్టిపరిచి."
చేయించొచ్చు. రెండు నెలలు పడుతుంది.
రెండేళ్ళ తేనె డబ్బు పడుతుంది.

ఫెర్మీన్ ఇదంతా
బోర్లించిన తేనెపెట్టె మీద కూర్చుని
మాతే గొట్టం పీలుస్తూ చూస్తున్నాడు.
ఆయనకు చెవుడని ఊరంతా ఎరుగును.
దగ్గరికెళ్ళి అరిచాను:
"కంచు పోయే ముందు మూలుగుతుంది,
ఏడాది ముందునుంచీ మూలుగుతుంది!
నీకది వినపడదు కదా, ఏం లాభం?"

"తేనెటీగలు మాత్రం వినపడుతున్నాయా?"
అన్నాడాయన, కుండలో వేణ్ణీళ్ళు పోసుకుంటూ.
"పెట్టె మీద అరచెయ్యి పెడతాను.
రాణి చచ్చిన పెట్టె
వేరేగా వణుకుతుంది."

లేచొచ్చి
దేనికీ తగిలించని గేరు రాడ్డును
బల్ల మీంచి తీసుకుని
దాని గుండు చుట్టూ అరచెయ్యి మూశాడు.
కాసేపు అలాగే నిలబడ్డాడు.
"ఇదీ పెట్టేగా," అన్నాడు.

ఆ రాత్రి కంచుకడ్డీని లేతుకు బిగించాను.
సన్నటి చుట్టలు లేచి
నా చల్లారిన మాతేలో పడ్డాయి.
నూనె పారడానికి ఏటవాలుగా ఒక కాలవ.
ఇరుసుకీ బుష్షుకీ మధ్య
వెంట్రుకలో సగం చోటు వదిలాను.
మరీ బిగిస్తే కాలుతుంది,
మరీ వదిలితే కొట్టుకుంటుంది.
ఈ సగం వెంట్రుక నేర్చుకోవడానికి
నాకు పదకొండు బుష్షులు చెడ్డాయి.

బండి వెళ్ళింది.
వాల్దెమార్ నాతో ముభావంగానే ఉన్నాడు.
పొట్లం తీసుకుపొమ్మంటే
వినపడనట్టు పోయాడు, మామయ్యలా.

ఆ సూదులింకా నా దగ్గరే ఉన్నాయి.
పని లేని మధ్యాహ్నం
ఒకదాన్ని బల్ల మీద దొర్లిస్తాను.
ఎక్కడా తడబడకుండా
అంచుదాకా పోతుంది.
అందమే. కాదనను.

కింద పడేలోగా
చెయ్యి అడ్డం పెడతాను.