మూడో చెక్క

పడగ్గదికీ పాయిఖానాకీ మధ్య
మా నడవలో పదకొండు చెక్కలు.
మూడోది మాత్రమే కిర్రుమంటుంది.

లెక్కపెట్టడం నా చేతికి అంటిన విద్య.
మటోజీన్యుష్ రేవు పక్కన చేపల ఫ్యాక్టరీలో
ముప్ఫై ఒక్క ఏళ్లు
డబ్బాకి ఐదేసి సార్డీన్లు,
ఒకదాని తల పక్కన ఇంకోదాని తోక,
పేర్చి మూతకి పంపాను.
ఇప్పుడు చీకట్లో కళ్లు మూసుకుని
అబీలియు అడుగుల్ని లెక్కపెడుతున్నాను.
పన్నెండున్నరకి ఒకసారి.
రెండుకి.
మూడు కొట్టకముందే మళ్లీ.
ఆపైన నిశ్శబ్దం. ఊపిరి బిగబట్టి వింటాను.
ధార కాదది,
సరిగా కట్టని కుళాయి
తనలో తను గొణుక్కుంటున్నట్టు.

పగలు అడిగితే "కాఫీ ఎక్కువైంది" అంటాడు.
మర్నాడు పుచ్చకాయ.
ఆ మర్నాడు డోరో నది మీంచి వచ్చిన చలిగాలి.
గాలిని కూడా నిందించాడు, వయసుని తప్ప.

ముప్ఫై ఎనిమిదేళ్లు నది ఒడ్డున ట్రామ్ నడిపాడు.
ఈ చివర ఎక్కితే ఆ చివరే దిగడం.
మధ్యలో ఎంత ముంచుకొచ్చినా
పళ్లు బిగించి గంట కొట్టడమే.
బిగపట్టడమే మగతనమని ఎవరు నేర్పారో,
రిటైరయ్యాక కూడా
ఆ పట్టాలు దిగలేదు మనిషి.
ఇప్పుడు సంతకి వెళ్తే
ముందు మరుగుదొడ్డి ఎటుందో చూసుకుని
ఆ తర్వాతే టమాటాల ధర అడుగుతాడు.
మేనకోడలి పెళ్లిలో తలుపు పక్క కుర్చీ కోసం
సొంత చెల్లెలితో పోట్లాడాడు.

శనివారాలు వీధి చివర కాఫీ కొట్టులో పేకాట.
నలుగురు ముసలాళ్లు.
మోకాళ్ల గురించి మాట్లాడతారు, చక్కెర గురించి,
గోల్ తప్పిన కుర్రాణ్ణి వాళ్ల అమ్మమ్మదాకా వెళ్లి తిడతారు.
బొడ్డు కిందికి మాత్రం మాట దిగదు.
ఎవడో ఒకడు లేచి వెళ్తాడు,
మిగతా ముగ్గురూ ముక్కలు చూసుకుంటారు.

మొన్న ఏప్రిల్లో జెఫెరీను
ఆసు వేయాల్సిన చోట
చేతిలో ముక్కలన్నీ బోర్లా పెట్టి
"నాకు ఆపరేషన్ అయింది, అక్కడ" అన్నాడట.
"ముందే పట్టుకున్నారు కనక ఇలా కూర్చున్నాను.
మా అన్న సిగ్గుపడ్డాడు. వాడు లేడు.
మీరెప్పుడు చూపించుకున్నారు?"

ఎవరూ ముక్క ఎత్తలేదట.

ఆ రాత్రి అబీలియు సూప్ చల్లారేదాకా చూసి
"నీ మోచేతికి మందిచ్చిందే, ఆ డాక్టరమ్మ,
ఆమె... మగాళ్లని కూడా చూస్తుందా?" అన్నాడు.
నవ్వుని రొట్టె ముక్కతో కలిపి మింగేశాను.

డాక్టర్ నూఎమియాది మా చిన్నదాని ఈడు.
రక్తం తీయించింది. గ్లవ్ తొడుక్కుంది.
బయటికొచ్చేటప్పుడు ఆయన టోపీ వెనక్కి తిరిగి ఉంది.
"అర నిమిషం," అన్నాడు, మోసపోయినవాడిలా.
"దీనికా నేను ఆరేళ్లు భయపడింది?"

రక్తంలో అంకె కాస్త ఎక్కువుంది,
ఆరు వారాలాగి మళ్లీ చూద్దామన్నారు.
ఆ ఆరు వారాల గురించి చెప్పను.
డబ్బాకి ఐదు. డబ్బాకి ఐదు.
అలా గడిపాను.

తర్వాత తేలింది: ఆ పాడు జబ్బు కాదు, ఈసారికి.
అక్రోటుకాయంత ఉండాల్సిన గ్రంథి
నారింజంత అయి
దారికి అడ్డంగా కూర్చుందట.
పడుకునేముందు ఒక బిళ్ల.
చీకటి పడ్డాక వైన్ వద్దు, కాఫీ వద్దు.
ఏడాదికోసారి రక్తపరీక్ష, ఆ అర నిమిషం.
తేదీ క్యాలెండర్లో తనే రాసుకున్నాడు,
ట్రామ్ వేళలు రాసుకునే గుండ్రటి చేతిరాతతో.

ఇప్పుడు రాత్రికి ఒక్కసారే.
ఆయన గురక పెడుతుంటే
మూడో చెక్క కోసం మెలకువగా ఉండేది నేనే.
నిన్న ఉండబట్టలేక లేచాను.
కాలు పడగానే కిర్రుమంది.
దుప్పట్లోంచి ఆయన గొంతు:
"ఎన్నోసారి?"