అడుగున చిన్న అక్షరాలు

ధర అడగదు త్సియాలా.
పెట్టెను బోర్లించి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
అడుగున అంటించిన చీటీని ముక్కుకి ఆనించుకుని చదువుతుంది,
మందు సీసా మీద గడువు తేదీ వెతుకుతున్నట్టు.

టిబిలీసీ శివార్లలో లీలో బజారు.
రేకుల కొట్ల మధ్య అక్టోబరు గాలి.
నా లారీ ఇంజను చల్లారిపోతోంది.
కనుమ మీద మంచు పడితే
మే నెల దాకా మా కొండకి దారి ఉండదు.
పొద్దుట్నించి ఈ మాట నాలుగుసార్లు అన్నాను.
"బద్రీ, నువ్వెళ్ళి టీ తాగు" అంది,
నాలుగుసార్లూ.

కొట్టు మల్ఖాజ్ కొత్తదొకటి తెచ్చాడు.
వెల్లకిలా పడ్డ సాలీడులా ఆరు యాంటెన్నాలు,
ఒళ్ళంతా ఎర్రదీపాలు.
"దీని ముందు ఇంకేదీ ఆగదు."
"లోపల నా రాత రాసుకోనిస్తుందా?" అంది త్సియాలా.
అతనికి అర్థం కాలేదు.
నాకూ కాలేదు.

ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి,
మొదలెడితే లైను తెగేదాకా చెబుతుంది.
కంపెనీ నింపి పంపిన బుద్ధి రెండేళ్ళకి మురిగిపోతుందట.
ఆ పైన కన్నం పడ్డా మాటు వేసే నాథుడుండడట.
అందుకని దాన్ని ఒంపేసి
ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని రాసి,
చదువుకోండి, దిద్దుకోండి, పంచుకోండి అని
వదిలేసినదాన్ని పొయ్యాలట.
"కానీ అన్ని గిన్నెలూ పట్టవు బద్రీ."

నాలుగు మెగాబైట్లంటే పిల్లి పాలగిన్నె.
ఎనిమిదంటే ఒంటిమనిషి ముంత.
పదహారుండాలి. ర్యామ్ నూట ఇరవై ఎనిమిది.
చిప్పు చేసినవాడు దాని గుట్టు కడుపులో దాచుకోనివాడై ఉండాలి.
ఇంత ఆరా నేను పెళ్ళికి కూడా తియ్యలేదు.

ఆమె నోటు పుస్తకంలో ఒకే ఒక్క పేరుంది, గుండ్రంగా సున్నా చుట్టి.
మల్ఖాజ్ ఆ పేరుగలదే తెచ్చాడు, తెల్లది, సీలు విప్పనిది.
హమ్మయ్య అనుకుని తాళాలు తీశాను.
ఆమె బోర్లించింది.
"ఇది వెర్షన్ మూడు. నాకు రెండు కావాలి."
"కవలలమ్మా! పేరదే, డబ్బా అదే!"
చేతిసంచిలోంచి స్క్రూడ్రైవరు బయటికొచ్చింది.
అతను వద్దనేలోపే మూత లేచింది.
పైన పటారం, లోన లొటారం.
గోరంత మెమరీ ముక్క మీద గోటితో చూపించింది:
పేరు ముట్టుకోకుండా
లోపల సగం తీసేశారు.
కాగితం అదే, ధర అదే,
చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిక,
మా రొట్టెలవాడి రొట్టెలాగే.
మల్ఖాజ్ కూడా వంగి చూశాడు.
అవి నలభై అమ్మాడట.

పోయినేడు ఈ చీటీ చదవకుండానే
వేరే వెర్షన్‌కి రాసింది ఇందులో పోసింది త్సియాలా.
దీపం ఒకసారి నవ్వి ఆరిపోయింది.
ఇటుక అంటారట అట్లాంటిదాన్ని.
నిజంగా ఇటుకే. నా గొర్రెల కొట్టం తలుపుకి అడ్డుగా ఉంది.
ఆ చలికాలం పాత బురుజు మీంచి ఏ సిగ్నలూ దిగలేదు.
నర్సుని ఒక్క మాట అడగడానికి
వాఝా మంచులో పదకొండు కిలోమీటర్లు నడిచాడు.
ఆ సంగతి ఎవరూ ఎత్తరు.
ఆమె దగ్గర అసలే ఎత్తరు.

బల్ల కింద, తీగల చిక్కులో, దొరికింది చివరికి.
పసుపు బారిన పళ్ళ రంగు. ఒక యాంటెన్నా విరిగింది.
ఎవరి ఇంటి వైఫై మాటో ఇంకా టేపు మీద రాసి ఉంది.
వెర్షన్ రెండు.
"దానికి డబ్బులేంటి, తీస్కెళ్ళు" అనబోయి
ఆమె కళ్ళు చూసి
యాభై లారీలన్నాడు మల్ఖాజ్.
ముప్ఫైకి తెగింది. అడాప్టరు కొసరు.

కనుమ కింద మొదటి మలుపు.
అద్దం మీద ఒకటీ రెండూ తెల్ల చుక్కలు.
ఒళ్ళో దాన్ని శాలువాలో చుట్టి పట్టుకుంది.
"ఎక్కుతుందా మరి?"
"ఎక్కొచ్చు. బూట్‌లోడరుకి తాళం వేసి లేకపోతే."
"ఉంటే?"
కాసేపు వైపర్లే మాట్లాడాయి.
"నీ కొట్టానికి రెండో తలుపు ఉంది కదూ?"