మామూలే

హల్ ఊళ్ళో ఆసుపత్రి నేలమాళిగ.
నా బల్ల మీద ఫార్మలిన్ సీసా,
చీటీ మీద గొణుగుడు లాంటి రాత:
"గజ్జల్లో హెర్నియా. సంచి. మామూలే."

మామూలే అని పారెయ్యబోయిందట
కుర్ర సర్జన్ ఐలా.
కొవ్వు మరీ గట్టిగా తగిలి
వేళ్ళు ఆగాయట ఒక్క క్షణం.
ఆ క్షణం ఏ జీతపు లెక్కల్లోనూ ఉండదు.

మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి,
గులాబీ రంగు పట్టించి చూశాను.
వెన్నలాంటి కణాల మధ్య
అక్కడక్కడా కాటుక చుక్కలు.
దిష్టి చుక్కలు కావు.

పదిహేనేళ్ళలో ఇది నాకు రెండోది.
మొదటిదాని పేరు గుర్తుంది, చెప్పను.
పుస్తకంలో ఈ గడ్డకి సగం పేజీ,
అందులో సగం "ఇంకా తెలియదు".

శుక్రవారం అతనే మెట్లు దిగి వచ్చాడు,
క్లిఫర్డ్ స్టెథమ్,
చేపల రేవులో నలభై ఏళ్ళు పెట్టెలు మోసినవాడు.
"చూడొచ్చా?"
రూలు ఒప్పుకోదు. కుర్చీ జరిపాను.

ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.
"మంచు పడ్డప్పటి రేవులా ఉంది,
ఆ నల్లవి మనుషులు" అన్నాడు.

మళ్ళీ కోశారు, ఈసారి చుట్టూ రెండు వేళ్ళ మేర.
అంచులన్నీ నేనే చూశాను,
నలభై రెండు గాజుపలకలు.
ఎక్కడా మనుషుల్లేరు.
ఉత్త మంచు.

అతను సంతకం పెట్టి ఇచ్చిన ముక్క ఒకటి
పరిశోధన వాళ్ళ ఫ్రీజర్‌లో,
మైనస్ ఎనభైలో,
ఆ సగం పేజీ కోసం కాచుకుని ఉంది.

ఆరు వారాలు కెటిల్ కూడా ఎత్తొద్దన్నారట.
పక్కింటావిడ వచ్చి టీ పోస్తోందట.
మరీ పలచగా, అని నాకు ఫోన్‌లో ఫిర్యాదు.