ఖాళీ బండి బరువు

కుర్రోడు.
నేను మొదటిసారి కాటా ఎక్కించిన లారీ నాటికి
పలక పట్టుకొని బడికి పోతా ఉండేటోడేమో.
నా కాగితం మీద వేలు జరుపుతా జరుపుతా
రెండువేల పదహారు కాడ ఆపినాడు.
ఆ కింద తెల్లగా ఉంది.
"ఈ ఏడేండ్లు ఏం చేసినారు?"

ఫ్యాను తిరుగుతా ఉంది. బయట ఆదోని ఎండ,
పత్తి లోడు లారీల వరస.
గొంతులో దూది పోగు అడ్డంపడినట్టు
నాకు మాట రాలేదు.

సేద్యం చేసినానని చెప్పు,
వానల్లేక మానుకున్నానని చెప్పు,
మన పక్క దానికి రుజువు ఎవరడుగుతారు బావా,
అని బామ్మర్ది ఈరన్న నేర్పించి పంపినాడు.
పెండ్లానికి బాగలేక అని మాత్రం అనొద్దంట.
మగోడివి, నవ్వుతారంట.

నవ్వితే నవ్వనీ అనుకుంటానే వచ్చినా.
కానీ యాడ మొదలుపెట్టేది?
సుంకమ్మ కొళాయి కాడికి పోవడం మానేసిన దినం నుంచా?
నీళ్లొచ్చిన పొద్దు అది.
బిందెలన్నీ బోర్లించి వాటి నడుమ కూర్చోనుంది.
ఎవరో పిలుస్తున్నారంది.
నేనూ చెవి పెట్టి విన్నా. ఎవరూ లేరు.
రెండోది నెలల బిడ్డ, ఎక్కిళ్లు పట్టి ఏడుస్తా ఉంది.
సుంకమ్మ ఏడవలేదు.

మూడు దినాలు సెలవడిగినా.
మూడు నెలలయింది.
ఆ తర్వాత సెలవుచీటీ రాయడమే మానేసినా.

ఏం చేసినానంటే,
బొరుగులు ఎంతసేపు నానితే ఉగ్గాని ముద్దయితాదో కనుక్కున్నా.
రెండు జడలు వేయడం నేర్చుకున్నా;
పాపిడి వంకర పోయిందని పెద్దది అలిగి బడి ఎగ్గొట్టింది.
మాత్రను బెల్లంలో దాచి ఇస్తే
తెలిసిపోయి నా మొగాన ఉమ్మింది.
తుడుచుకొని, మర్నాడు అరచేతిలోనే పెట్టి
ఇది మాత్రే సుంకీ, అని చెప్పినా.
మింగింది.
నెలకోపారి ఎమ్మిగనూరు మీద బస్సు,
కర్నూలు పెద్దాసుపత్రిలో చీటీ కోసం వరస.
కిటికీ సీటు ఆమెదే.
కోడుమూరు దాటేదాకా నా చొక్కా అంచు వదలదు.

ఒక రాత్రి బయట గొళ్లెం పెట్టి
టీ అంగడి కాడ గంటసేపు ఊరికే కూర్చున్నా.
దాన్ని ఏ గడిలో రాయాల?

నాకు తెలిసిన పని ఒకటే.
పత్తి దింపినాక లారీ మళ్లీ కాటా ఎక్కాల.
డ్రైవర్లకు తొందర.
"ఇంగేముందన్నా, ఖాళీనే గదా, పోనీ!"
"ఖాళీకీ బరువుంటాది నాయనా.
అది రాయకుంటే నువ్వు తెచ్చిన పత్తి ఎంతో తేలదు."
పదకొండేండ్లు ఇదే మాట చెప్పినా.
రోజుకు నలభై సార్లు చెప్పినా.
ఈ పొద్దు మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

"ఇంట్లో ఉన్నా సార్," అంటి.
"పెండ్లానికి మనసు బాగలేక."

నవ్వలేదు.
కలం మూత పెట్టినాడు, తీసినాడు.
"ఇప్పుడెట్లుంది?"
కాగితంలో లేని ప్రశ్న అది.
"పొద్దున ఈ చొక్కాకు ఇస్త్రీ చేసింది సార్.
కాలరు కాడ రవ్వంత కాలింది."
కాలరు చూసినాడు.
చూసి, కిటికీ బయటికి చూసినాడు.
సోమవారం కబురు చేస్తాం అన్నాడు.
అందరితో అనే మాటే కావచ్చు.

గేటుకు పోవాలంటే కాటా మీదుగానే దారి.
లారీ ఏదీ లేదు.
ఇనుప పలక నడుమకొచ్చి
పాత అలవాటు కొద్దీ తలెత్తి చూస్తి.
ఎర్రంకెలు రెండు మిణుకుమని నిలబడినాయి.

అరవై.

మునుపు డెబ్బై ఉంటి.