ఎనిమిది పోళ్ళు

మిర్చియార్డు కమిషన్ కొట్టు నుంచి
స్కూటర్ మీద పడుకోబెట్టి తెచ్చారు దాన్ని.
డబ్బా విప్పగానే
నాకు వరసగా ఏడు తుమ్ములు.
రెక్కల మీద ఎర్రటి కోరు,
తేజా కాయదో, తాలు కాయదో,
తుడిస్తే వేలు మండింది,
మరిచిపోయి అదే వేలితో కన్ను నలుపుకుంటే
ఆ పూటకి పని అయిపోయింది.

మర్నాడు మొదలుపెట్టాను.
బ్రాడీపేట నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు,
మేడమీద గది, రోహిణి కార్తె.
ఈ బోర్డులో ఒక చిప్పు ఉంది.
ఫ్యాను నాడి పట్టుకు కూర్చోవడమే దాని ఉద్యోగం.
దాని మాట లినక్స్ కెర్నెల్‌కి అర్థమయ్యేలా
నేనొక డ్రైవర్ రాశాను,
మూడు నెలలు, ఆఫీసు అయ్యాక, రాత్రిళ్ళు.
రాయడం ఒక ఎత్తు.
దాన్ని నమ్మడం ఇంకో ఎత్తు.

రెండువందల యాభై ఐదు అని పంపాను.
గాలి ఊపందుకుని కరెంటు బిల్లు ఎగిరి మంచం కిందికి పోయింది.
తెర మీద: రెండువేల ఆరువందల నలభై.
సగానికి తగ్గించాను, అంకె తగ్గింది.
సున్నా పంపాను.
ఫ్యాను ఆగింది, అంకె కూడా సున్నా.
అట్టముక్క కోసి రెక్కల మధ్య దూర్చాను.
తిరగాల్సింది తిరగకపోతే అలారం మోగాలి.
మోగింది.
ఇంకేం కావాలి?

మెట్ల కింద కాలేషా వైండింగ్ షాపు.
మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక
"మీకూ ఒక ఫేజేనా?" అని అడగడానికి పైకొచ్చినవాడు
గుమ్మంలోనే తల వంచి నిలబడిపోయాడు.
"అది ఎంత తిరుగుతున్నానంటోంది?"
చెప్పాను.
టెస్టరు మొన ఫ్యాను చట్రానికి ఆనించి
పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
ముప్పై ఏళ్ళు మోటార్ల మధ్య కూర్చున్న చెవి.
"సగం. సగానికి పైసా ఎక్కువ లేదు."

నవ్వి డేటాషీటు చూపించాను,
నూటనలభై రెండో పేజీ.
అటు చూడనే లేదు.
"ఆపు ముందు."

కరెంటు తీశాక చూపుడువేలితో
రెక్కని మెల్లగా తోశాడు,
తాళం తీసే దొంగలా, ఒళ్ళంతా వేలి కొసకి తెచ్చుకుని.
కొంచెం దూరం పోయాక లోపల అయస్కాంతం
పట్టుకునేది, వదిలేది.
మళ్ళీ పట్టుకునేది.
"నీ వేలు పెట్టు. లెక్కపెట్టు."
ఒక చుట్టుకి
ఎనిమిది పట్లు.

"ఎనిమిది పోళ్ళమ్మాయ్.
నీ కాయితం నాలుగు పోళ్ళదానికి రాసుంటది."

నాలుగు పోళ్ళైతే చుట్టుకి రెండు కొట్లు,
ఎనిమిదైతే నాలుగు.
నేను రెండుతోనే భాగిస్తూ కూర్చున్నాను.
ఫ్యాను అబద్ధమాడలేదు, చిప్పూ ఆడలేదు.
మధ్యలో దుబాసీని, నేనే
ప్రతి మాటనీ రెండింతలు చేసి చెప్పాను.
సున్నాని రెండింతలు చేసినా సున్నాయే గనక
ఆ ఒక్క పరీక్షలో నెగ్గుతూ వచ్చాను.

సాయంత్రానికి సరిచేశాను.
చుట్టుకి ఎన్ని కొట్లో ముందే చెప్పుకునేందుకు
ఒక చిన్న ఫైలు, పదకొండు లైన్లు.
తెర మీద: పదమూడువందల ఇరవై.
కాలేషా ఆ అంకెని చూసి
తన కొట్టు బోర్డు మీది ఫోన్ నంబరు
ఎవరో సరిగ్గా చదివినట్టు తల ఊపాడు.

ఇలాంటి పని అడుగున
పరీక్షించినవారు అని పేరు రాసే ఆనవాయితీ ఉంది.
నీ పేరు రాయనా, అన్నాను.
"రేపు ఏదన్నా కాలితే నా మీదికి రారుగా?"
రారు.
లుంగీ అంచుతో వేలి ఎరుపు తుడుచుకున్నాడు.
"అయితే షేక్ కాలేషా అని రాయి.
ఒట్టి కాలేషా అంటే ఈ బజార్లోనే ఇంకో ముగ్గురున్నారు,
ఒకడికి రేడియేటరు పని తప్ప ఏం రాదు."

అని, తుమ్మాడు.