పాచి

వారాలతో పనిలేదు దానికి, ఎండ లెక్క.
సాయినగర్ మూడో క్రాసులో మా పళ్ళాసుపత్రికి
పడమటి పక్క పెద్ద కిటికీ.
మూడయ్యే పొద్దుకు ఎండ లోపలికొచ్చి
బెంచీ మీదోళ్ళను ఒకొక్కర్నీ జరిపి
చేపల తొట్టికి వీపానించి కూచుంటాది.
నాలుగు దినాలకు అద్దం పచ్చబడతాది.

"పళ్ళు కడిగే చోట చేపలకు పాచి మొగమేంది వన్నూరప్పా?"
డాక్టరమ్మ మాట నిజమే.
లోపల ఆమె గంటకు ముగ్గురి పాచి తీస్తాది,
బయట నా వంతుకు ఈ ఒక్క నోరు.
మూడడుగుల వెడల్పు, నాలుక లేదు,
పళ్ళ బదులు ఏడు చేపలు.

మొదట ఇంటి నుంచి బీరపీచు తెచ్చినా.
మెత్తగా బాగానే రుద్దింది గానీ
దాంట్లో ఎప్పటి సబ్బో దాక్కోని ఉండాది.
తెల్లారి చూస్తే చేపలన్నీ నీళ్ళ పైకొచ్చి
లోపలి కుర్చీలో కూచోబెట్టినట్టు
నోళ్ళు తెరుచుకోని ఉండాయి.
సగం నీళ్ళు మార్చి, పీచు పారేసి
పాతూరుకు పోయినా.

ఇలియాజ్ తన గాజుబల్ల మీద ఒకొకటే పెట్టినాడు.
"ఇది అయస్కాంతం. సగం లోపల, సగం బయట.
చెయ్యి తడవదు. ఇసక దగ్గరికి మాత్రం పోనీకు,
ఒక్క రవ్వ ఇరుక్కునిందా, అద్దానికి బతికినన్నాళ్ళూ గీతే.
ఇది పొడుగు కాడ బ్లేడు, మొండి పాచికి.
మీది గాజా, ప్లాస్టిక్కా?"
తెలీదన్నా.
"తెలీకుండానే బ్లేడు కొనేకి వచ్చినావా?
పో, గోటితో కొట్టి చూడు. ఖణ్ అంటే గాజు.
డబ్ అంటే ప్లాస్టిక్కు, దానికి బ్లేడు చూపియ్యను కూడా చూపియ్యాకు."
నత్తలు కూడా ఉండాయన్నాడు, ఒకటి పది రూపాయలు.
జీతం అడగవంట, వాటికి నచ్చిన మూలే తింటాయంట.
అట్లాంటోళ్ళు మా ఆసుపత్రిలో ముందే ఇద్దరుండారు,
వద్దన్నా.

ఖణ్ అనింది.
అయస్కాంతం కొన్నా. బ్లేడు దుడ్లు మిగిలించుకున్నా,
జోబీలో గడువు తీరిన బ్యాంకు కార్డు ఉండాది గదా.
శెనక్కాయ ఎండిపోయిన ఏడు ఇన్సూరెన్సు పడతాదని
దాన్ని పట్టుకోని ఎన్ని వరసల్లో నిలబడినానో.
అప్పుడు గీకితే రూపాయి రాలలే.
ఇప్పుడు గీకితే పాచి
చాప చుట్టినట్టు చుట్టుకోని వస్తాంది.

నీటి అంచున తెల్ల చార మాత్రం
దేనికీ లొంగలే.
అది పాచి కాదు, మా బోరు నీళ్ళ సున్నం.
నీళ్ళు నాలుగు వేళ్ళ లోతుకు తగ్గించి
నిమ్మకాయ పిండిన గుడ్డ అతికించి
టీ తాగొచ్చేంత సేపు వదిలితే కొంచెం కరిగింది.
కొంచెమే.

ఆ గుడ్డ తీస్తాంటే వచ్చి నిలబడింది
టోకెను పదకొండు, గంగోత్రి,
ఏడో తరగతి, కళ్యాణదుర్గం అవతల ఏదో పల్లె.
"అన్నా, ఆ కార్డుతో నా పళ్ళు గీకుతావా?"
నవ్వులాటకే అనింది, నోటికడ్డం చున్నీ తియ్యకుండా.
నేనూ నవ్వినా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని.
ముప్పైయేండ్ల అలవాటు.
ఇటికె రంగు గార. నాకు మా ఊరి బావి పెట్టింది,
ఆ పాపకు వాళ్ళూరి బోరు.
పాచి మీదనే కూచుంటాది, లెయ్యమంటే లేస్తాది.
ఇది నీళ్ళతోపాటు లోపలికి పోయి
పంటితోపాటే మొలిచింది.
ఏ అంగట్లో ఏమని అడిగేది దీనికి?
డాక్టరమ్మ దగ్గర తొడుగులుండాయి, పూతలుండాయి.
వాటి రేటు నేను చెప్పలే.

అయస్కాంతం బయటి సగం చేతికిచ్చినా.
జరిపింది. లోపలి సగం కదిలింది.
అది పోయిన కాడికల్లా చేపలు,
రాలే పచ్చని ముక్కల కోసం గుంపుగా.
ఇంకా జరిపింది, రెండు చేతులా పట్టుకోని.
చున్నీ ఎప్పుడో భుజం మీదికి జారింది.
"కిందికి పోనీకు పాపా, ఆడ ఇసక ఉండాది"
అంటే ఆపింది.

రెండు వేళ్ళ మందం అట్లనే మిగిలింది,
ఇప్పటికీ ఉండాది, అద్దం అడుగున.
డాక్టరమ్మ అడిగింది.
చేపలకు మేత అని చెప్పినా.