పెన్సిలు ఎవరి చేతిలో

దులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తు,
కిటికీ పక్క మూడో బల్ల నాది.
ఒక్కొక్కరికి నలభై నిమిషాలు.
బల్ల మీద టిష్యూల పెట్టె,
ఏడ్చేవాళ్ళకీ జలుబు చేసినవాళ్ళకీ ఒకటే.

చేరిన రోజు చెప్పిన రూలు:
పెన్సిలు నువ్వు ముట్టుకోకూడదు.
కాగితం వాళ్ళది, తప్పు వాళ్ళది, దిద్దుబాటూ వాళ్ళదే.
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం రావడానికి
నాకొక సెమిస్టరు పట్టింది.
ఎర్రసిరా కింద పెరిగినదాన్ని మరి.

పొద్దున నర్సింగు పిల్ల పాకూ వాంగ్
"ఇక్కడ 'ద' ఎందుకు?" అంది.
నాకు తెలిస్తే కదా.
మా ఇంటి భాషలో లేదు, వాళ్ళ ఇంటి భాషలోనూ లేదట.
లేనిదాని గురించి కాసేపు నవ్వుకున్నాం.
పైకి చదువు, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పెట్టు, అన్నాను.

మూడింటికి రేమండ్ కంగాస్.
అరవై మూడేళ్ళు. సగం జీవితం ఇనుపరాయి మోసే ఓడల మీద,
ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడు.
చలికోటు విప్పడు.
కరెంటు బిల్లు తెచ్చినట్టు
వ్యాసాన్ని నాలుగు మడతలు పెట్టి తెస్తాడు.

మార్జిన్లో టీచరు రాసింది:
కర్మణి ప్రయోగం ఎక్కువైంది, చూసుకోండి.
నిజమే. దీపం ఆర్పబడింది.
కేక వినబడింది.
తాడు వదలబడింది.

రోజుకి పదిసార్లు అడిగే ప్రశ్నే అడిగాను.
"ఈ వాక్యంలో పని చేసిందెవరు?"

ఆయన కిటికీలోంచి సరస్సు కేసి చూశాడు.
గట్టున మంచు పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి.
హీటరు గొట్టం టక్కుమంది.
టైమరు మీద పదకొండు నిమిషాలు.

నాకు ఒంగోలు గుర్తొచ్చింది.
జిల్లా ఎడిషన్ డెస్కు, రాత్రి పదకొండున్నర,
పేజీ మూసే వేళ.
రిపోర్టరు పంపిన కాపీలో సీఐ పేరుంది,
చెయ్యి విరిగినామె పేరూ ఉంది.
"లాఠీచార్జి జరిగింది" అని దిద్దాను.
ఇద్దరూ కాలమ్‌లోంచి బయటికి నడిచి వెళ్ళారు.
ఎవరూ చెప్పలేదు నాకు అలా చెయ్యమని.
చోటు చాల్లేదని అనుకున్నాను, అంతే.
ఎంత హాయైన క్రియ!
వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు
దానంతట అదే జరుగుతుంది.

ఈ సంగతి కంగాస్‌కి చెప్పలేదు.
ఈ నలభై నిమిషాలు ఆయన కట్టిన ఫీజులోవి.

"అలాగే ఉంచెయ్యొచ్చు," అన్నాను.
"కర్మణి తప్పేం కాదు. టీచరుకి నేనొక చీటీ..."
తల అడ్డంగా ఊపాడు.
పెన్సిలు నా వైపు దొర్లించాడు,
నువ్వే రాసెయ్, అన్నట్టు.

నా మోచేతి దగ్గర ఆగింది.
పచ్చది. చివర పంటిగాట్లు.
వేలు తగలనివ్వకుండా నిఘంటువు అట్టతో నెట్టాను,
మళ్ళీ ఆయన వైపు.

ఇంగ్లీషులో నేను అంటే
ఒక్క నిలువు గీత.
గియ్యడానికి ఎంతసేపు పట్టిందో
టైమరుకి తెలుసు, నేను చూడలేదు.
మిగతా వాక్యాన్ని ఆయన ముట్టుకోలేదు.
నేను తాడు వదలబడింది.
ఏ భాషలోనైనా తప్పే.
చూపించలేదు నేను.

కాగితం నాలుగు మడతలైంది.
"మంగళవారం," అన్నాడు లేస్తూ.

రిపోర్టు ఫారం నింపాలి. ఏ అంశం మీద పనిచేశారు?
ఇంగ్లీషు ఫారమే గానీ తలలో వాక్యం తెలుగులో మొదలైంది:
వాక్యనిర్మాణంపై చర్చించడం జర

అక్కడే ఆగి, కర్సరు మిణుకుతుంటే చూస్తూ కూర్చున్నాను.

నాలుగింటి కుర్రాడు అప్పుడే కుర్చీ లాక్కున్నాడు.
కెమిస్ట్రీ ల్యాబు రిపోర్టు.
మొదటి వాక్యం: బీకరు పగిలింది.

ఎవరు, అని అడగబోయి
టైమరు నొక్కాను.